స్కేలు సారు సరిచేసిన ఇల్లు

ఆ రోజు పొద్దున స్కేలు సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా పిల్లల బొమ్మలన్నీ గోడకి అంటించాలి. సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి చూస్తుంటే ఒక మూల నిలబడి నవ్వుతూ ఉండాలి. ఈలోగా నోరుగాని చెయ్యిగాని జారకూడదు. బయల్దేరేటప్పుడు భార్య కూడా అదే చెప్పింది.

"ఈ ఒక్క పూట దేన్నీ బాగుచెయ్యకుండా ఇంటికి రండి. ఈ ఉద్యోగం కూడా పోతే పగలంతా నా వంటింట్లో డబ్బాలు సైజుల వారీగా సర్దుతూ కూర్చుంటారు. నా వల్ల కాదు."

ఆయన అసలు మాస్టారు కాదు. సగం జీవితం స్కేలు పట్టుకుని ఇళ్ల ప్లాన్లు గీశాడు. ఆ ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చి కూర్చున్నాక ఆయన కుర్చీకి చోటు లేకపోయింది. తెలిసినవాళ్లెవరో చెబితే పసిపిల్లల బడిలో బొమ్మల మాస్టారుగా చేరాడు. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ గడువు ఈ సాయంత్రంతో సరి. తల్లిదండ్రులు ఏమంటారో దాన్నిబట్టి ఖాయం చేస్తామని పెద్ద టీచరమ్మ ముందే చెప్పేసింది.

పెద్ద టీచరమ్మది ఒకటే నియమం. "పిల్లల కాగితం మీద మన గీత పడకూడదండీ. అదేంటని అడగండి, వాళ్లు చెప్పింది వినండి. అంతే." వినడానికి సులువుగానే ఉంది. కాని నాలుగేళ్ల పిల్లలు ఇల్లు వేస్తే గోడలు ఒకదాని మీద ఒకటి వాలి ముచ్చట్లాడుకుంటాయి. తలుపు నేలకు ఆనదు. మనిషికి తలకాయలోంచే కాళ్లు మొలుస్తాయి. అవి చూసినప్పుడల్లా సారుకు వేళ్లు దురదపెట్టేవి. అందుకని చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని బల్లల మధ్య తిరగడం అలవాటు చేసుకున్నాడు. కొన్నాళ్లకు పిల్లలు కూడా అలాగే చేతులు కట్టుకుని ఆయన వెనకాల వరసగా నడవడం మొదలుపెట్టారు. పెద్ద టీచరమ్మ అదేదో వ్యాయామమనుకుని మెచ్చుకుంది కూడా.

పొద్దున వేయించిన బొమ్మ 'మా ఇల్లు'. పిల్లలు భోజనానికి వెళ్లాక సారు ఒక్కో కాగితం తీసి గోడకి అంటిస్తున్నాడు. పిచ్చుక బొమ్మ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పిచ్చుకంటే ఆ క్లాసులో అందరికన్నా చిన్నపిల్ల, అందరికన్నా ఎక్కువ కాగితాలు ఖర్చుపెట్టే పిల్ల. పెన్సిలు అరిగిపోతే గోటితో గీసేది. ఈ బొమ్మలో ఇల్లు ఎంత వాలిపోయిందంటే, ఆ ఇంట్లో చెంబు కింద పెడితే పక్క వీధిలోకి దొర్లిపోతుంది.

ఈ ఒక్క గోడ, అనుకున్నాడు సారు. నల్ల స్కెచ్‌పెన్ను తీసి గోడ నిలబెట్టాడు. గోడ నిలబడ్డాక తలుపు వంకర కనిపించింది. తలుపు సరిచేశాక, ఇంట్లో ఉన్న పెద్ద తలకాయకు ఒళ్లు లేకపోవడం అన్యాయమనిపించింది. ముక్కు కింద నల్లగా గజిబిజి గీతలున్నాయి. పాపం, మీసాలు వెయ్యబోతే కుదర్లేదు కాబోలని వాటిని రెండు వైపులా మెలితిప్పాడు. గడప దగ్గర ముడుచుకున్న నల్లముద్ద ఒకటుంది. దానికి రెండు చెవులు, ఒక తోక పెట్టేసరికి లక్షణమైన కుక్క అయింది.

ఇప్పుడు చుట్టుపక్కల బొమ్మలు వెలవెలబోయాయి. ఒకరికి చేసి మిగతావాళ్లకు చెయ్యకపోతే పక్షపాతమవుతుంది కదా. పిల్లలు మూతులు తుడుచుకుని వచ్చేసరికి గోడ మీద ఒక కాలనీయే వెలిసింది. అందులో ఏ ఇల్లు చూసినా కట్టుకోవడానికి అనుమతి వచ్చేలా ఉంది.

సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి, "మావాడేనా వేసింది?" అంటూ మురిసిపోయారు. స్కేలు సారు మూల నిలబడి నవ్వుతున్నాడు. పెద్ద టీచరమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, కళ్లజోడు సర్దుకుని, ఏమీ అనకుండా ముందుకెళ్లడం చూసి నవ్వు కాస్త తగ్గించాడు.

పిచ్చుక తండ్రి పక్క ఊళ్లో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొచ్చే మనిషి. ఈ పూట సెలవు పెట్టి మరీ వచ్చాడు. నున్నగా గీసుకున్న మొహం.

"ఈ మీసాలాయన ఎవరు?" అని భార్యను అడిగాడు, మామూలుగానే.

"మీరే అయ్యుంటారు."

"నాకు మీసాల్లేవు."

"నాకూ లేవు," అందావిడ.

వాళ్ల వెనకే వాళ్ల ఇంటి ఓనరు నిలబడి ఉన్నాడు. ఆయన మనవడిదీ అదే క్లాసు. "మీసాల సంగతి మీరూ మీరూ చూసుకోండి. ఆ కుక్క సంగతి నాకు చెప్పండి. వాటా ఇచ్చేటప్పుడే జంతువులొద్దన్నాను."

"మా ఇంట్లో కుక్క లేదండీ."

"పసిపిల్ల లేని కుక్కని వేస్తుందా?"

నిజం చెప్పడానికి అదే సమయం. ఆ సంగతి సారుకు తెలుసు. కాని పెద్ద టీచరమ్మ రెండడుగుల దూరంలో ఉంది, వంటింటి డబ్బాలు కళ్లముందు కదులుతున్నాయి. "ఆయన పైపు బాగుచెయ్యడానికి వచ్చినవాడేమోనండీ," అన్నాడు.

"నాతో చెప్పకుండా పైపులు విప్పించారా?" అన్నాడు ఓనరు.

"అబ్బే, విప్పి ఉండడు. కుక్క కూడా అతనిదే అయ్యుంటుంది, అతనితోనే వెళ్లిపోయి ఉంటుంది."

"ఊరికే వచ్చి వెళ్లినవాణ్ణి ఇంత పెద్దగా ఎందుకు వేసింది?" అన్నాడు తండ్రి. ఈసారి గొంతు మామూలుగా లేదు.

"వారానికోసారి వచ్చేవాళ్లకి ఇంట్లో ఎవరున్నారో బొమ్మ చూస్తేగాని తెలీదులెండి," అంది భార్య. ఆవిడ గొంతైతే అసలే మామూలుగా లేదు.

పిచ్చుకను పిలిచారు. పిల్ల బొమ్మను చాలాసేపు చూసింది. "ఇది నాది కాదు."

"నీదే. కింద నీ పేరుంది."

"పేరు నాదే. బొమ్మ నాది కాదు."

"అబద్ధాలు కూడా నేర్చావా? చెప్పొద్దని ఎవరైనా అన్నారా?" అని తండ్రి గద్దించాడు. పిల్ల స్కేలు సారు వైపు తిరిగి, "మీరు చూశారు కదా సార్, నేను వేసేటప్పుడు," అంది.

ఆయన చూశాడు. అంతకుమించి దాచడం ఆయన చేతకాలేదు. "పిల్ల అబద్ధం చెప్పట్లేదండీ. ఆ మీసాలు నేను పెట్టాను. ఆ తోక కూడా నాదే."

పెద్ద టీచరమ్మ పిల్ల పక్కన నేలమీద కూర్చుని మీసాల మనిషిని చూపించింది. "ఇక్కడ ముందు ఎవరున్నారమ్మా?"

"అమ్మ. ఫోన్లో నాన్నతో గట్టిగా మాట్లాడుతోంది. ఆ నల్లగీతలు అమ్మ నోరు."

"మరి ఈ కుక్క?"

"కుక్క కాదు, నేను. నాన్న వస్తాడని గడప మీద కూర్చున్నా."

తండ్రి పిల్లను ఎత్తుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. కుక్క లేదన్నమాట అని, ఎవరూ అడక్కుండానే ఓనరు ఒప్పుకున్నాడు.

స్కేలు సారుకు తల కొట్టేసినట్లయింది. మూడు నెలలపాటు చేతులు కట్టుకోవడం నేర్చుకున్నాడు గాని, అదేంటమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే, తండ్రి కోసం ఎదురుచూస్తున్న పిల్లకు తోక తగిలించేవాడు కాదు. ఆయన కొత్త కాగితం తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. "మళ్లీ వెయ్యమ్మా. నేను ముట్టుకోను."

పిచ్చుక తండ్రి భుజం మీంచి కాగితం వైపు చూసింది. "మీరే వెయ్యండి సార్. నాకు గోడ సరిగా రాదు."

ఆ మాట పొద్దున బొమ్మ వేసేటప్పుడు ఆ పిల్లకు తెలియదు. తెలియజేసింది తనేనని సారుకు ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది. అందరూ వెళ్లాక పెద్ద టీచరమ్మ గదిలోకి వెళ్లి, "రేపట్నించి రానండీ," అన్నాడు.

"వస్తారు," అందావిడ నీరసంగా. "మిమ్మల్ని పంపించేద్దామనే అనుకున్నాను. కాని మీరు ఒప్పుకున్నది ఒక్క బొమ్మ సంగతే. మిగతావన్నీ తమ పిల్లలే వేశారని అందరూ నమ్మారు. కాదని నేను చెబితే, ఆ మాస్టారంటే మీకు అసూయా అన్నారు. ఓనరుగారు మనవడికి ఆదివారం కూడా చెప్పమంటున్నారు. మీ ఉద్యోగం ఖాయం." అభినందనలు కూడా చెప్పింది, పరామర్శకు వచ్చినట్టు.

మర్నాడు సారు చేతులు వెనక్కి కట్టుకోలేదు. ప్రతి పిల్ల పక్కనా కూర్చుని అడగాలి, వినాలి. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాడు. కాగితాలు పంచి, చిన్నకుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు.

పిచ్చుక కాసేపు కాగితం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, దాన్ని తెచ్చి సారు బల్ల మీద పెట్టి, పైన పెన్సిలు ఉంచి వెళ్లిపోయింది. ఆ వెనక ఓనరు మనవడు వచ్చాడు. ఆ తర్వాత మిగతా పిల్లలంతా వరసగా వచ్చారు. ఒక పిల్లవాడు మర్యాదగా, "మీరు వేస్తేనే బాగుంటుంది సార్," అని కూడా అన్నాడు. బల్ల నిండా తెల్లకాగితాలు పేరుకున్నాయి. ఒక్కదాని మీదా వంకర గీత లేదు.

ఉద్యోగం ఖాయమైన మొదటి రోజే స్కేలు సారుకు చేతినిండా పని దొరికింది.