కింద ఒకరు, పైన ఒకరు

ఆ ఇంటిని తలకిందులు చేసింది ఒకే ఒక్క మాట. అదీ పొద్దున్నే గుమ్మంలో, ఒక కాలు చెప్పులోనూ ఇంకో కాలు బయటా ఉండగా వచ్చిన మాట.

"ఏమండీ, అన్నయ్య ఇప్పుడే ఫోన్ చేశాడు. రాత్రికి తను కింద పడుకుంటాడట, వదిన పైన పడుకుంటుందట. కాస్త చూసి ఏర్పాటు చెయ్యండి. ఈసారి తేడా వచ్చిందో, మా అన్నయ్య ఈ జన్మలో మన గడప తొక్కడు."

"కిందా?" అన్నాడు భర్త, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ.

"అవును, కిందే. అయ్యో, నా బస్సు!"

ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. లోపలికి వెళ్ళేముందు ఫోను అలమరలో పెట్టి తాళం వేసుకోవాలి. సాయంత్రం దాకా ఆవిడ ఎవరికీ దొరకదు.

భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఎవరైనా ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంటే చెయ్యెత్తి, "ఇక్కడ ఒక కామా ఉండాలి" అనే అలవాటు ఆయనకుంది. అందుకే ప్రెస్సులోనూ చుట్టాల్లోనూ ఆయన పేరు కామాగా స్థిరపడిపోయింది. తన కన్ను దాటి ఒక్క తప్పు కూడా అచ్చుకెక్కలేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆపదలు సాధారణంగా ఇలాంటి నమ్మకాల పక్కనే కాచుకుని కూర్చుంటాయి.

రాబోయే బావగారు ఆవిడకు స్వయానా అన్న, రైలింజను డ్రైవరు. మూడేళ్ళ నాడు వచ్చినప్పుడు ఆయనకు మడతమంచం వేశారు. నడిరాత్రి ఆ మంచం, చదవడం అయిపోయిన పుస్తకంలా, ఆయన్ని లోపల పెట్టుకుని టప్పున మూసుకుంది. పరుగున వచ్చి లైటు వేసిన చెల్లెలికి ఒకవైపు అన్న కాలు, ఇంకోవైపు అన్న చెయ్యి కనిపించాయి. ఆపుకోలేక నవ్వింది. తెల్లారేసరికి అన్న అలిగి వెళ్ళిపోయాడు. మంచం మూసుకున్నందుకు కాదు, చెల్లెలు నవ్వినందుకు. అప్పటినుంచీ ఆవిడ బతిమాలగా బతిమాలగా, "సరే, ఒక్క రాత్రికి వస్తాం" అన్నాడు. ఆ ఒక్క రాత్రి ఆయన కంటినిండా నిద్రపోతే అన్నాచెల్లెళ్ళు కలిసినట్టు. లేదంటే అంతే సంగతులు.

కామా సెలవు పెట్టింది అందుకే.

ఇంట్లో కింద ఒక హాలు, వంటగది, దాని వెనక భార్యాభర్తల చిన్న పడకగది ఉన్నాయి. పైన ఉన్నది ఒక్కటే గది. అందులో పక్కపక్కనే కలిపి కట్టిన రెండు మంచాలు. చుట్టాల కోసం ముందే అనుకున్న ఏర్పాటు అదే. ఇప్పుడు కామా, తన భార్య చెప్పిన వాక్యాన్ని మనసులోనే ప్రూఫు చదివాడు. అన్నయ్య కింద, కామా, వదిన పైన. అక్షరదోషం లేదు. వ్యాకరణదోషం లేదు. భావమే భయంకరంగా ఉంది. మొగుడు హాల్లో, పెళ్ళాం మేడ మీద. మధ్యలో మెట్లు.

"ఓహో," అనుకున్నాడు కామా. "అక్కడిదాకా వచ్చిందన్నమాట."

హాల్లోకి మంచం దింపితే దాని మీదికి పరుపు కావాలి. భార్య చెల్లెలికి, అంటే మరదలికి, ఫోన్ చేశాడు. ఈ మరదలు రేడియోలో ట్రాఫిక్ కబుర్లు చెబుతుంది. ఎక్కడ ఏది ఆగిపోయిందో లోకానికి చాటడమే ఆమె వృత్తి.

"అమ్మాయీ, మీ ఇంట్లో ఒంటి పరుపు ఉందా?"

"ఉంది బావా. ఒంటిదెందుకు? పైన జంట పరుపు ఉందిగా?"

"ఉందనుకో. వాళ్ళకి జంటది అక్కర్లేదట."

అటువైపు రేడియో గొంతు తగ్గించింది.

"అంటే?"

"మీ అన్నయ్య కిందట. మీ వదిన పైనట. అంతకంటే నన్నడక్కు."

"అయ్యయ్యో! ఈ వయసులోనా! అందుకేనన్నమాట, మొన్న వదిన ఫోన్లో 'మీ అన్నయ్య సంగతి తెలిసిందేగా' అంది. నేనే పట్టించుకోలేదు బావా!"

"ఎవరితోనూ అనకు."

"ఛ ఛ, నేనా! నువ్వు మంచం సంగతి చూడు. పరుపు తెస్తున్నా."

ఆమె పరుపుతో పాటు రెండు చీరలు, పళ్ళు తోముకునే బ్రష్షు కూడా తెచ్చింది. "ఇలాంటప్పుడు వదిన పక్కన ఆడతోడు ఉండాలి బావా. రాత్రికి నేనూ ఉంటున్నా" అంది. పడకల లెక్కలో ఒకటి పెరిగింది.

ఇద్దరూ మేడెక్కి మంచాల మధ్య కట్లు విప్పారు. ఒక మంచాన్ని నిలబెట్టి మెట్ల మీదికి తెచ్చారు. కింద నుంచి కామా లాగుతున్నాడు, పైనుంచి మరదలు తోస్తోంది.

"ఎడమకి తిప్పు బావా!"

"ఎవరి ఎడమ?"

"నా ఎడమ!"

"నీ ఎడమ నాకు కుడి కదా?"

ఈ సందేహం తేలేలోగా మంచం తనంతట తానే నిర్ణయం తీసుకుంది. మెట్ల మలుపులో అడ్డంగా ఒరిగి, రెండు కోళ్ళు గోడకూ రెండు కోళ్ళు కటకటాలకూ తన్నిపెట్టి ఆగిపోయింది. పైకి లాగితే రాదు, కిందికి లాగితే దిగదు. మరదలు పైన చిక్కుకుపోయింది. దుప్పట్లు, దిండ్లు, జంట పరుపు అన్నీ ఆమెతోనే ఉండిపోయాయి.

"మేడ మెట్ల మలుపు వద్ద రాకపోకలు పూర్తిగా నిలిచిపోయాయి" అంది మరదలు మంచం సందులోంచి, అలవాటుకొద్దీ.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. తెరిస్తే చినమామగారు. అంటే భార్యకు బాబాయి. యాభై ఏళ్ళొచ్చేదాకా ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీగా ఉండి, ఆ తరవాత చుట్టాల తగాదాలకు మారినవాడు. చేతిలో సంచి ఉంది.

"ఏం అల్లుడూ, విషయం ఇంతదాకా వస్తే నాకొక్క మాట చెప్పొద్దూ?"

"మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెబితేనేం, నిప్పు లేనిదే పొగ రాదు" అంటూ ఆయన మంచం వైపు తలెత్తి చూశాడు. సందులోంచి కనిపిస్తున్న మరదలు మెల్లగా వెనక్కి జరిగింది. "వాళ్ళిద్దరికీ రాజీ కుదిరేదాకా నేను కదిలేది లేదు. నాకు గదిలో పడుకుంటేనే నిద్ర. ఆ వెనకది ఖాళీయేగా?"

జవాబుకు ఆగకుండా సంచి తీసుకెళ్ళి కామా పడకగదిలో పెట్టేశాడు. ఇప్పుడు ఇంటికి రావలసిన చుట్టాలు ఇంకా రాలేదు. రానక్కర్లేని చుట్టాలకు పడకలు కుదిరిపోయాయి.

పొద్దువాలుతుండగా బావగారు, ఆయన భార్య, అంటే వరసకు కామా అక్కయ్యగారు, దిగారు. ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. కామాకు ఆ నవ్వు చూస్తే గుండె తరుక్కుపోయింది. ఎంత నటన!

"ఆగండి" అన్నాడు చినమామగారు చెయ్యెత్తి. "నువ్వు ఇటు కూర్చో. అమ్మాయ్, నువ్వు అటు."

"ఎందుకు బాబాయ్?" అన్నాడు బావగారు.

"ఎందుకో మీకు తెలుసు. ముందు ఎవరు మొదలుపెట్టారు?"

"ఏం మొదలుపెట్టాం మావయ్యగారూ?" అంది అక్కయ్యగారు.

ఇంతలో పైనుంచి గొంతు వినిపించింది. "వదినా! నేనున్నాను వదినా! నువ్వేం ఏడవకు!"

అక్కయ్యగారు ఉలిక్కిపడి చుట్టూ చూసింది. "ఎక్కడున్నావే?"

"పైన! మంచం వెనకాల!"

"నేనెందుకు ఏడుస్తానే?"

"చూశావా బావా, ఎంత దిగమింగుకుంటోందో!"

బావగారు మంచం వైపు చూశాడు. కామా వైపు చూశాడు. స్టేషనే లేనిచోట రైలు ఆగిపోయినట్టుంది ఆయన ముఖం. "బావా, ఏం జరుగుతోంది ఇక్కడ?"

"మీరేం బాధపడకండి బావగారూ. మీరు కోరినట్టే ఏర్పాటు చేస్తున్నాం" అన్నాడు కామా, వీలైనంత మృదువుగా.

"ఒరేయ్," అన్నాడు చినమామగారు, "ఇన్నేళ్ళు కాపురం చేసి, ఇప్పుడు పడకలు వేరు చేసుకోవడం ఏమిట్రా? లోకం ఏమనుకుంటుంది?"

బావగారు నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. "బాబాయికి నువ్వేమైనా చెప్పావా?"

"నేనేం చెబుతాను?"

"నా గురక సంగతి."

"మీ గురక గురించి నేను చెప్పాలా? మీ రైలెక్కిన వాళ్ళందరికీ తెలుసు."

"అంటే? నేను ఇంజన్లో నిద్రపోతాననా!"

"నేనెప్పుడన్నాను? మీరే అంటున్నారు. అయినా మీ చెల్లెళ్ళకి మీరే ఏదో ఊదుంటారు. నేను అర్ధరాత్రి దాకా ఫోనులో సీరియళ్ళు చూస్తాననీ, మీ కళ్ళలో వెలుగు పడుతుందనీ."

"చూడవా మరి?"

"చూస్తే? ఊరందరినీ పిలిచి పంచాయితీ పెట్టిస్తారా?"

చినమామగారు సంతృప్తిగా తలాడించాడు. "వింటున్నావా అల్లుడూ? లోపలున్నదంతా ఇప్పుడు బయటికొస్తోంది. ఇది మంచి లక్షణం."

మంచి లక్షణం చిలికి చిలికి గాలివాన అయింది. కొన్న కుర్చీలు, కొనని చీరలు, వాళ్ళ పెళ్ళిలో ఎవరో ఎవరినో చూసి మూతి తిప్పుకోవడం, అన్నీ వరసగా ప్లాట్‌ఫారం మీదికి వచ్చాయి. పైనుంచి మరదలు ఎప్పటికప్పుడు వదిన పక్షాన ఒక మాట విసురుతోంది. అవి సరిగ్గా వినపడక కింద ఇద్దరూ తమనే తిడుతోందనుకుంటున్నారు. కామా రెండుసార్లు చెయ్యెత్తాడు. అక్కడ కామా ఎవరికీ అక్కర్లేదు.

"అయితే సరే!" అని లేచాడు బావగారు. "నేను ఇక్కడ, కింద!"

"నేను అక్కడ, పైన!" అంది అక్కయ్యగారు. రెండు మెట్లెక్కి, మంచం కోడు నుదుటికి తగలబోయి వెనక్కి దిగింది. "పైకి దారి కూడా లేకుండా చేశారా! నన్ను వెళ్ళిపొమ్మనే కదా?"

"నువ్వెందుకు వెళ్ళడం? నేనే పోతున్నాను." బావగారు సంచి భుజాన వేసుకున్నాడు.

కామా ఒక్క గెంతున ఆయనకు అడ్డం వెళ్ళాడు. బావగారు గడప దాటాడా, ఇంక మూడేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు. "బావగారూ, మంచం వచ్చేస్తుందండీ, కొంచెం తిప్పితే..." అంటూ ఆయన సంచి పట్టుకుని వేలాడాడు. సంచితో సహా కామాను బావగారు వాకిట్లోకి ఈడ్చుకుపోతుండగా ఎదురుగా భార్య.

"అన్నయ్యా! ఎక్కడికి?"

"నీ ఇంటికో దణ్ణం తల్లీ. కిందటిసారి నన్ను మంచంలో మడిచావు. ఈసారి నా కాపురాన్ని మడిచావు."

ఆవిడ లోపలికి తొంగిచూసింది. ముక్కు తుడుచుకుంటున్న వదిన, వేలు చూపిస్తున్న బాబాయి, మెట్ల మలుపులో మంచం, ఆ మంచం కింద నుంచి ఊపుతున్న చెల్లెలి చెయ్యి.

"ఏమండీ," అంది నెమ్మదిగా, "మంచం మెట్ల మీద ఎందుకుంది?"

"నువ్వే కదా అన్నావు, బావగారు కింద పడుకుంటారని."

"అన్నాను."

"మంచం కిందికి తెస్తున్నాను."

ఆవిడ కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచింది. "కింద అంటే నేల మీదండీ! మంచమంటేనే అన్నయ్యకి హడల్, చాప వేస్తే చాలన్నాడు. వదినకి నేల పడదు. ఆవిడ పైన, మంచం మీద. ఈయన కింద, ఆ పక్కనే! ఒక్క గదిలో!"

చినమామగారు గొంతు సవరించుకుని, "నేను ముందే అనుకున్నాను" అన్నాడు. ఏమనుకున్నాడో చెప్పలేదు.

మొదట నవ్వింది అక్కయ్యగారు. పైట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆమెను చూసి బావగారి మీసం కదిలింది. పైన మరదలు, "బావా! కింద అంటే నేలా!" అని పడీపడీ నవ్వింది. నవ్వనిది ఒక్క కామా భార్యే. పళ్ళు బిగబట్టి, కొంగు గుప్పిట్లో నలుపుతూ, అన్న ముఖంలోకి చూస్తూ నిలబడింది. బావగారు అది గమనించాడు. సంచి కింద పెట్టాడు.

"నవ్వవే తల్లీ. ఈసారి ఇరుక్కున్నది నేను కాదుగా."

అంతే. ఆవిడ గడప మీదే కూలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అన్న ఆమె పక్కనే కూర్చుని తల మీద చెయ్యి వేశాడు.

"ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావే, పాపం!"

"ఏం చెప్పను అన్నయ్యా" అంది ఆవిడ.

"మా ఆయన గురకే నయం" అంది అక్కయ్యగారు, భర్త భుజం మీద చెయ్యి వేస్తూ. "తమ్ముడూ, నువ్వు పుస్తకాలన్నీ ఇలాగే దిద్దుతావా?"

మంచాన్ని బావగారు వెనక్కి నడిపించబోతే ఇంకాస్త బిగుసుకుంది. వడ్రంగి పొద్దున వస్తానన్నాడు. మరదలు దిండ్లు, దుప్పట్లు, జంట పరుపు మంచం మీదుగా విసిరి, తను ఆ కుదుపుకు దాని కింద తెరుచుకున్న సందులోంచి పాక్కుంటూ దిగింది. బావగారికి హాల్లో చాప పరిచారు. నేల పడని అక్కయ్యగారికి ఆ పక్కనే జంట పరుపు మడతపెట్టి, దాని మీద ఒంటి పరుపు వేశారు. చెల్లెళ్ళిద్దరూ వదినకు అటువైపు ఒకే దుప్పట్లో దూరారు. వెనక గదిలో రిఫరీ అప్పటికే ఆట ముగించి గురక పెడుతున్నాడు. హాల్లో ఇంక చెయ్యి పెట్టే చోటు కూడా లేదు. కామా దిండు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. మంచం కింది సందులో ఆయన పట్టలేదు. ఏటవాలుగా ఇరుక్కున్న మంచం మీదికి పాకి, జారిపోకుండా కటకటాలు పట్టుకుని పడుకున్నాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో నిజంగానే పడకలు వేరైన జంట ఒక్కటే, ఇంటివాళ్ళు.