ఒహాయో పోవలసిన కేసెట్

ఆ గురువారం హబీబుల్లాకు మూడే పనులు. పొద్దున ఆఫీసులో అందరికీ టీ ఇవ్వాలి. మధ్యాహ్నం ఆఫీసు మూసేలోగా భార్య దౌలత్‌బీకి ఒక కేసెట్‌లో మాటలు నింపాలి. సాయంత్రం బొంబాయి విమానమెక్కుతున్న షావలి చేతికి దాన్ని అందించాలి. 1980 అక్టోబరు నెలాఖరు అది. దుబాయ్‌లో ఎండ కాస్త మెత్తబడింది. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటీ చెడిపోతుందని అనుకోవడానికి కారణమేమీ లేదు.

హబీబుల్లాది రాయచోటి దగ్గర ఒక పల్లె. వయసు నలభై ఆరు. నీటి పంపులు అమ్మే ఒక కంపెనీలో టీ కాచి, కాగితాలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి చేర్చి, పోస్టాఫీసు పనులు చూసుకునేవాడు. చదివింది ఐదో తరగతి. అయినా అమెరికా రాజకీయాల మీద అతనికి గట్టి అభిప్రాయాలు ఉండేవి. సత్వా పేటలో అతనితో ఒకే గదిలో ఉంటున్న షావలికి ఇది పెద్ద బాధ.

ఆ అభిప్రాయాలకు మూలం మేనేజరు వీలర్. వీలర్ అమెరికావాడు. అతని తండ్రి ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఒంటరిగా ఉండేవాడు. ముసలాయన ఉత్తరాలు రాయడు. నెలకో కేసెట్ నింపి పంపేవాడు. వీలర్ దాన్ని మధ్యాహ్నం తింటూ వినేవాడు. హబీబుల్లా టీ పెట్టి, గోడకు ఆనుకుని తానూ వినేవాడు. అందులో ఇంటి కబుర్లు ఉండేవి కావు. టీవీలో వార్తలు చదివేవాళ్లు ఎంత అబద్ధాలకోర్లో ఒక పావుగంట, సిన్సినాటి బేస్‌బాల్ జట్టు ఎందుకు చతికిలబడిందో ఇంకొంతసేపు, మిగతాదంతా ఎన్నికలు. ముసలాయన రీగన్ పక్షం. కొడుకు కార్టర్ పక్షం. హబీబుల్లా ఇంగ్లీషు నేర్చుకున్నది ఈ తిట్లలోంచే.

పక్షం ఎంచుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"కార్టర్‌ది శెనక్కాయల సేద్యం. మన మాదిరి వానకు మొగమెత్తి చూసినోడు," అని షావలికి చెప్పాడు. "ఆ ఇంకొకాయన సినిమాల్లో యేసాలు కట్టినోడు. మొగానికి రంగేసుకొన్యోడు రాజ్జెమేలేది యాడన్నా ఉంటాదా? మన పక్క అట్లాటిది జరిగేది కాదు."

"నీకు ఆడ ఓటుందా మామా?" అన్నాడు షావలి.

"అభిప్రాయం చెప్పేదానికి ఓటెందుకు?"

ఆ ఏడు జూలైలో వీలర్ సెలవు మీద ఇంటికి వెళ్లి, పన్నెండు రోజులు ముందే తిరిగొచ్చాడు. భోజనాల దగ్గర కార్టర్ పేరు మీద తండ్రీ కొడుకులకు మాటా మాటా పెరిగిందని, కొడుకు లేచి వచ్చేశాడని తర్వాత తెలిసింది. కేసెట్లు మాత్రం ఆగలేదు. అంతకుముందు ప్రతి కేసెట్ చివరా ముసలాయన "సరే నాయనా, జాగ్రత్త" అనేవాడు. ఆగస్టు నుంచి ఆ మాట లేదు. టేపు అయిపోయిన చోటే ఆయనా అయిపోయేవాడు.

ఆ గురువారం పొద్దున వీలర్ గది తలుపు వేసుకుని తండ్రికి జవాబు నింపాడు. బయటికి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏసీలో దుమ్ము అన్నాడు. తర్వాత అదే ప్యాకెట్‌లోంచి ఒక కొత్త కేసెట్ తీసి హబీబుల్లాకు ఇచ్చాడు.

"నువ్వు కూడా ఇంటికి నింపుకో హబీబ్. నాది పోస్టులో వెయ్యి."

హబీబుల్లా మేనేజరు కుర్చీలో అంచున కూర్చుని మీట నొక్కాడు.

"దౌలతూ, నేను బాగుండా. నువ్వూ ఫాతిమా బాగుండారనుకొంటా. బర్రె ఈనిందా?"

అక్కడికి మాటలు అయిపోయాయి. నిజానికి చెప్పవలసింది ఒకటే ఉంది. ఈ ఏడు కూడా ఊరికి రాలేడు. వరసగా ఇది నాలుగో ఏడు. ఆ మాటను కాసేపు వాయిదా వేయడానికి, అతను తనకు బాగా తెలిసిన విషయం ఎత్తుకున్నాడు. కార్టర్ మంచితనం చెప్పాడు. టీవీవాళ్ల కుట్రలు చెప్పాడు. సిన్సినాటి జట్టు వాళ్లు కర్రతో బంతిని బాది, చుట్టూ పరుగెత్తి, చివరికి బయలుదేరిన చోటికే వచ్చి నిలబడతారని, దానికి జనం చప్పట్లు కొడతారని చెప్పాడు. చూస్తే టేపు చివరికొచ్చింది. "ఈ ఏడు గూడా నాకు వచ్చేదానికి కాదు," అని గబగబా అన్నాడు. "ఏమనుకోవద్దు" అనేలోగా మీట టక్కున లేచింది.

అప్పుడే ఎవరో అతిథులు వచ్చారు. కాఫీలిచ్చి తిరిగి వచ్చేసరికి బల్ల మీద రెండు కేసెట్లు పక్కపక్కన ఉన్నాయి. రెండూ నల్లవి. రెంటి మీదా పేరు లేదు. ఒకదాన్ని పెట్టి విని ఉంటే సరిపోయేది. కానీ సాబ్ తలుపు వేసుకుని మాట్లాడిన మాట వినడం మర్యాద కాదని హబీబుల్లాకు తోచింది. తండ్రి మాటలన్నీ గోడకు ఆనుకుని విన్నవాడికి కొడుకు దగ్గర ఈ మర్యాద ఎందుకు గుర్తొచ్చిందో, తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తేలలేదు. తనది ఎడమవైపు పెట్టినట్టు జ్ఞాపకం. ఎడమది షావలికి ఇచ్చాడు. కుడిది ఒహాయోకు పోస్టు చేశాడు.

షావలిది ప్రొద్దుటూరు పక్క ఊరు. చెల్లెలి పెళ్లి పనుల్లో మునిగి, కేసెట్‌ను రాయచోటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

నవంబరు మొదట్లో కార్టర్ ఓడిపోయాడు. ఆఫీసులో ఇద్దరే విచారంగా ఉన్నారు. ఆ విచారం తీరకముందే కంపెనీకి హబీబుల్లా ఊరి నుంచి ఒక టెలిగ్రాం వచ్చింది. హబీబుల్లాను దయచేసి విడిచిపెట్టండి, బీదవాడు, తప్పు చేసి ఉంటే మన్నించండి, ఊరంతా ప్రార్థిస్తోంది, హెడ్మాస్టరు.

వీలర్ దాన్ని రెండుసార్లు చదివి గంట కొట్టాడు. ఇద్దరూ సగం ఇంగ్లీషు, సగం హిందీ కలిపి మాట్లాడుకునేవారు.

"నిన్ను ఎవరు పట్టుకున్నారు హబీబ్?"

"ఎవరూ పట్టుకోలేదు సాబ్. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను."

నాలుగు రోజులకు భారత కాన్సులేట్ నుంచి ఒక గుమాస్తా వచ్చి, నిర్బంధంలో ఉన్న మనిషిని చూపించమన్నాడు. చూపించారు. ఆ మనిషి ఆయనకు టీ ఇచ్చాడు. మర్నాడు కాన్సులేట్‌కు వెళ్లి, తాను ఎవరి నిర్బంధంలోనూ లేనని మూడు కాగితాల మీద సంతకం చేశాడు. అందుకోసం బయటికి వెళ్లడానికి ఆఫీసు అతనికి సగం రోజు అనుమతి ఇచ్చింది.

కబురు కంపెనీకి చట్టప్రకారం పూచీ ఉన్న కఫీల్‌ దాకా పోయింది. ఆయన పెద్ద వయసు అరబ్బు. ఒకప్పుడు బొంబాయిలో ముత్యాల వ్యాపారం చేసినవాడు, హిందీ బాగా వచ్చు. కర్ర పట్టుకుని వచ్చి మేనేజరు గదిలో కూర్చున్నాడు.

"నా పేరు మీద నడిచే ఆఫీసులో మనిషిని కట్టేశారట. ఎక్కడ వాడు?"

"మీకు టీ ఇస్తున్నది వాడే," అన్నాడు వీలర్.

కఫీల్ హబీబుల్లాను పైనుంచి కిందికి చూశాడు. "కొడుతున్నారా?"

"లేదు షేక్."

"అన్నం పెడుతున్నారా?"

"నేనే వండుకుంటాను షేక్."

"అయితే వదిలేయండి వీణ్ని, ఖలాస్," అని తీర్పు చెప్పి కఫీల్ వెళ్లిపోయాడు. వదిలేసిన మనిషిని ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియక మళ్లీ టీ గదికే పంపారు.

ఆ వారంలోనే హెడ్మాస్టరు ఉత్తరం వచ్చింది. "ఈ జాబు నీకు చేరనిస్తారో లేదో" అని మొదలైంది. దౌలత్‌బీ కేసెట్ పెడితే హబీబుల్లా గొంతు లేదని, ఎవరో తెల్లవాడు ముప్పావు గంట కోపంగా మాట్లాడాడని, తాను ఎంతో శ్రద్ధగా విని అర్థం చేసుకున్నానని ఆయన రాశాడు. హాస్టేజ్ అనే మాట తొమ్మిదిసార్లు, హబీబుల్లా అనే మాట రెండుసార్లు వచ్చింది. ఇరాన్‌లో అమెరికావాళ్లను బందీలుగా పట్టుకున్న సంగతి రేడియోలో రోజూ వస్తూనే ఉంది. అందుకు బదులుగా అమెరికావాళ్లు హబీబుల్లాను పట్టుకున్నారని ఊళ్లో తేలిపోయింది.

హబీబుల్లా ఉత్తరం పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు.

"సాబ్, మీ కేసెట్ మా ఊరికి పోయింది."

"మరి మా నాన్నకు?"

"నాది."

వీలర్ నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అందులో చివర ఒక మాట చెప్పాను హబీబ్. జూలైలో తప్పు నాదేనని."

"ఫోన్లో చెప్పండి సాబ్."

"మా ఇంట్లో అలాంటివి ఫోన్లో చెప్పరు." కళ్లద్దాలు పెట్టుకుని, "ఎదురుగా కూడా చెప్పరు," అన్నాడు. "క్రిస్మస్‌కు వెళ్తాను కదా. అప్పుడు చూద్దాం."

డిసెంబరు నాలుగున ఒహాయో నుంచి ఫోను వచ్చింది. ముసలాయన నిద్రలోనే పోయాడు. వీలర్ వెళ్లి పది రోజులకు తిరిగొచ్చాడు. హబీబుల్లా టీ తీసుకెళ్లి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"సాబ్, కేసెట్ నా చేతి తప్పు."

"తెలుసు," అన్నాడు వీలర్. ఆ మాటలో కోపం లేదు. పరవాలేదు అని మాత్రం అనలేదు. హబీబుల్లాకు ఆ అనని మాట చాలా రోజులు గుర్తుండిపోయింది.

పెళ్లి ముగించుకుని షావలి తిరిగొచ్చాడు. వచ్చే ముందు హబీబుల్లా ఊరికి పోయి వచ్చానని చెప్పాడు.

"నువ్వు బాగుండావని నేనెంత చెప్పినా నమ్మల్యా మామా. అట్ల చెప్పమని నిన్ను పంపినారా అని నన్నే అడిగినాడు హెడ్మాస్టరు. అత్త ఒకతే నా మాట ఇనింది. ఇదో, నీకు కేసెట్ పంపిచ్చింది."

అదే కేసెట్. ఒహాయో పోవలసింది. హబీబుల్లా చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే ఆఫీసుకు పరుగెత్తాడు. తండ్రికి చేరకపోయినా, చెప్పిన మాట చెప్పినట్టు కొడుకు దగ్గరన్నా ఉంటుందని అతని ఆశ. వీలర్ దాన్ని యంత్రంలో పెట్టి మీట నొక్కాడు.

"ఫాతిమా నాయనా, నేను దౌలత్‌బీని," అంది కేసెట్.

మొదటి వైపు దౌలత్‌బీ. తిరగేస్తే రెండో వైపూ దౌలత్‌బీనే. ఊళ్లో ఇంకో కేసెట్ దొరక్క, దాని మీదనే నింపింది. వీలర్ మాట అందులో ఒక్కటీ మిగల్లేదు.

"ఏమంటోంది?" అని అడిగాడు వీలర్. ఆపమని మాత్రం అనలేదు.

హబీబుల్లా ఒక్కో మాటా చెప్పుకుంటూ వచ్చాడు. బర్రె ఈనింది. పెయ్యదూడ. వాన సాలలేదు. అంతలో దౌలత్‌బీ గొంతు తగ్గించింది.

"ఆ దొర నిన్ను కట్టేసినాడని అయ్యవారు చెప్పె. నాకట్ల అనిపిచ్చలేదు. మొదుట్లో కోపంగానే మాట్లాడినాడు గానీ, కడాకు ఆయప్ప గొంతు పూడుకపాయ. ఎవురికో తప్పయిందని చెప్పుకొంటాండాడు. పెద్దోళ్లకే అయ్యుంటాది. నువ్వు ఆయప్పకు యాళకు టీ ఇయ్యి. అట్లనే, ఈ ఏడు వస్తాండావా ల్యాదా ఆ ఒక్క మాట చెప్పు."

ఇదంతా ఇంగ్లీషులోకి తిప్పడానికి హబీబుల్లాకు చాలాసేపు పట్టింది. విన్నాక వీలర్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ముప్పావు గంట మాట్లాడాను," అన్నాడు. "అర్థం కావలసింది మీ ఆవిడకు అర్థమైంది."

ఆ శుక్రవారం హబీబుల్లా కొత్త కేసెట్ కొని, ఈ ఏడు రాలేనన్న మాట మొట్టమొదట చెప్పేశాడు. ఏమనుకోవద్దు అని కూడా అన్నాడు. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ తోచలేదు. మిగిలిన టేపు ఖాళీగానే పంపాడు.

డిసెంబరు ఆఖరి వారంలో పోస్టాఫీసు నుంచి ఒక చిన్న పార్శిల్ తెచ్చాడు. పండగ రద్దీలో ఎక్కడో చిక్కుకుని ఆలస్యంగా వచ్చింది. ముసలాయన చేతిరాత. పోయే ముందు వారం వేసిన ముద్ర. పైన కొడుకు పేరు లేదు. "కార్టర్ మనిషికి, వీలర్ ఆఫీసు, దుబాయ్" అని ఉంది. వీలర్ దాన్ని అటూ ఇటూ తిప్పి హబీబుల్లా ముందు పెట్టాడు.

"ఇది నీకు."

"మీరే పెట్టండి సాబ్."

ముసలాయన గొంతు ఎప్పటిలాగే గట్టిగా మొదలైంది. "అయ్యా, మీరెవరో నాకు తెలియదు. మీరు చెప్పినదాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. కార్టర్ పేరు పదిహేనుసార్లు, సిన్సినాటి పేరు నాలుగుసార్లు వచ్చాయి. రెండింటి గురించీ మీరు పొరబడ్డారని మీ గొంతును బట్టే తెలుస్తోంది. అయినా మూడుసార్లు విన్నాను. మావాడు మీ కేసెట్ పొరపాటున పంపాడో, నాతో మాట్లాడటం ఇష్టం లేక పంపాడో నాకు తెలియదు. వాడికి ఒక మాట చెప్పండి. ఆ రోజు బల్ల దగ్గరి నుంచి లేచి వెళ్లవలసింది నేను, వాడు కాదు. నేరుగా చెబితే దానిమీద కూడా వాదిస్తాడు. అందుకని మీకు చెబుతున్నాను."

వీలర్ చెయ్యి చాచి టేపు ఆపాడు. హబీబుల్లా కాసేపు తటపటాయించాడు. కానీ చెప్పమన్నది తనకు. చెప్పవలసిన మనిషి ఎదురుగా ఉన్నాడు.

"సాబ్, మీ నాయన చెప్పమన్నారు," అని తనకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "ఆ రోజు లేచి పోవలసింది ఆయనంట. మీరు కాదంట."

ప్రతి మాటా అంతకుముందే విన్న వీలర్, తల వంచుకుని మొత్తం మళ్లీ విన్నాడు. "సరే," అన్నాడు. తర్వాత ఎదుటి కుర్చీ చూపించి హబీబుల్లాను కూర్చోమన్నాడు. మీట నొక్కాడు.

పోలింగ్ ముగియకముందే గెలుపు ప్రకటించిన టీవీవాళ్లను ముసలాయన ఇరవై రెండు నిమిషాలు తిట్టాడు. ఆ మధ్యాహ్నం ఆయనతో ఎవరూ వాదించలేదు.