పది గంటల ఫోటో

ఆ ఉదయం సెలెస్తినా పెట్టుకున్న పని చూడటానికి చాలా చిన్నది. స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే దేశాల అధినేతలందరినీ పది గంటలకు సభాభవనం మెట్ల మీద కూర్చి ఒక్క ఫోటో తీయించాలి, అంతే. కాకపోతే ఆ పెద్దలందరినీ ఒకే వేళకు ఒకేచోట చేర్చడమంటే కప్పల తక్కెడే. ఈసారి సభ జరిగే ఆసున్సియోన్ నగరంలో పెళ్లికూతురే గంట ఆలస్యంగా చర్చికి వస్తుంది, ఇక అధ్యక్షుల సంగతి చెప్పాలా?

"చూడమ్మా, ఫోటోలో ఒక్క తల తగ్గినా నిన్ను చాకో ముళ్లపొదల్లో సరిహద్దు ఆఫీసుకు పంపిస్తాను. అక్కడ నువ్వు మర్యాదలు చేయడానికి ఆవులు తప్ప ఎవరూ ఉండరు," అని మర్యాదల విభాగం పెద్ద డోన్ ఫుల్హెన్సియో ముందురోజే హెచ్చరించాడు.

సెలెస్తినాకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. ఏళ్ల తరబడి ఉప్పూనిప్పూలా ఉన్న దేశాలు కూడా ఈ సభ అనగానే వచ్చి ఒక బల్ల చుట్టూ కూర్చుంటాయి. ఆ కూర్చోవడమే ఆమె కంటికి మహా గొప్ప విషయం. అందుకే ముందుజాగ్రత్తగా ఫోటో తొమ్మిదికే అని అన్ని దేశాల ప్రతినిధులకూ చెప్పింది.

వచ్చేవాళ్ల సంగతి తెలిసింది ఆమె ఒక్కతెకే అయితే ఇబ్బంది లేకపోయేది. ప్రతి ప్రతినిధికీ తన అధినేత సంగతి తెలుసు కనుక తొమ్మిదిని ఎనిమిది చేశాడు. అధినేతల కార్యదర్శులు ఇంకా ముదుర్లు. ఎనిమిదిని ఏడు చేశారు. దారిలో ఆలస్యం అవుతుందిలే అనుకుంటే, పోలీసులు రోడ్లన్నీ ఖాళీ చేయించి ఆ ఆశా లేకుండా చేశారు.

సెలెస్తినా మెట్ల మీద దేశాల పేర్లు అంటిస్తుండగా మొదటి కారు వచ్చి ఆగింది. దాని వెనకే ఇంకోటి. ఆ వెనక బారు. భవనానికి వేసిన తాళం వేసినట్టే ఉంది. డోన్ ఫుల్హెన్సియో ఫోన్ మోగి మోగి ఊరుకుంది. ఆమె కాపలాదారు ఎలిహియోకు చేసింది.

"ఎలిహియో మామా, తాళంచెవి తీసుకుని పరుగెత్తుకు రా! అధ్యక్షులు వచ్చేశారు!"

"పొద్దున్నే నవ్వించకమ్మా. మన ఊళ్లో ఏడింటికి వచ్చేది పాలవాడొక్కడే."

"మా అమ్మ మీద ఒట్టు!"

"నువ్వు వచ్చేశారన్నావంటే ఇంకో రెండు గంటలకు వస్తారన్నమాట. ఈలోగా నేనూ వస్తాలే," అని పెట్టేశాడు.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కుర్చీ లేదు, కాఫీ లేదు. అధినేతలు కోట్లు విప్పి నీడ ఉన్న మెట్ల మీద కూలబడ్డారు. ఆఖరున వచ్చిన ఇద్దరికి ఒకే మెట్టు మిగిలింది. ఆ ఇద్దరే అసలు తలనొప్పి. ఒకరు అధ్యక్షుడు, ఒకరు అధ్యక్షురాలు, ఇరుగుపొరుగు దేశాలు. చేపల వేట గొడవతో రెండేళ్లుగా పలకరింపులు లేవు. వాళ్ల పేచీ తేలక సభ ఉమ్మడి ప్రకటన కూడా ఆగిపోయింది. ఇప్పుడు ఆయన తూర్పుకూ ఆవిడ పడమరకూ తిరిగి కూర్చున్నారు.

సెలెస్తినాకు గొంతు ఎండిపోయింది. అలవాటు కొద్దీ సంచిలోంచి తెరెరే సరంజామా తీసింది: చన్నీళ్ల సీసా, ఎండు ఆకు నింపిన గిన్నె, ఆకు మీద పోసిన నీళ్లు పీల్చుకునే గొట్టం. తీశాక గానీ తెలివి రాలేదు. పది మంది చూస్తుండగా తెరెరే తీసి పంచకపోతే ఆ దేశంలో తల ఎత్తుకోలేరు. పంచాలంటే ఒకే గిన్నె, ఒకే గొట్టం. పైగా ముందు ఎవరికి? ఆఫీసులోనైతే ఆ ప్రశ్నకు మూడు కమిటీలు పడేవి.

"మొదటిది సాన్ తొమాస్‌కి," అని అందరూ చేసేట్టే తొలి చన్నీళ్లు ఆకు మీద పోసి ఆ పునీతుడి పేర వదిలేసింది. పుణ్యపురుషుడితో పోటీకి ఎవరూ రాలేదు. తర్వాత గిన్నె వరసలో తిరగసాగింది. మెట్టు చివరనున్న అధ్యక్షురాలికి అది అందాలంటే పక్కాయన చేతుల మీదుగానే రావాలి. ఆయన మొహం తిప్పుకునే అందించాడు.

ఆవిడ తాగి గిన్నె వంక చూసింది. "విడ్డూరం కాకపోతే ఏంటండీ? ఇంతమంది ఒక్క గొట్టంతో తాగొచ్చట, అంత సముద్రంలో మన పడవలు రెండూ పట్టవట!"

ఆయన చప్పున ఇటు తిరిగాడు. "ఈ ముక్క మీ మంత్రి మా మంత్రితో ఒక్కసారీ అనలేదే?"

"కలిస్తే కదా అనడానికి! మీ మంత్రి వచ్చేసరికి మావాడు వెళ్లిపోతాడు. మావాడు వచ్చేసరికి మీవాడు."

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. మూడో విడత గిన్నె తిరిగేసరికి ఎవరి పడవలు ఏ నెలల్లో వేటకెళ్లాలో ఇద్దరూ వేళ్ల మీద తేల్చేసుకున్నారు. కార్ల వెంటబడి వచ్చిన పత్రికలవాళ్లు ఫోటో తీసుకున్నారు. ఒక్క తల తగ్గలేదు. సెలెస్తినాకు కళ్లు చెమర్చాయి. ఎంత పెద్దవాళ్లు, ఎంత మామూలు మనుషులు!

తొమ్మిదిన్నరకు, తానే అందరికన్నా ముందున్నానన్న ధీమాతో, డోన్ ఫుల్హెన్సియో కొత్త సూటులో దిగాడు.

"ఫోటోకి అంతా సిద్ధమేనా?"

"అయిపోయింది సార్."

"నేను లేకుండానా? సామాన్లు సర్దుకో! చాకోకి!"

"ఎవర్నండీ చాకోకి పంపడం?" అంటూ వెనకనుంచి అధ్యక్షురాలు వచ్చింది. "మా ఒప్పందం మీద సంతకాలకు వేళ పెట్టాల్సింది ఈ అమ్మాయే. ఇంకెవరు పెట్టినా మేం వచ్చేది అనుమానం."

డోన్ ఫుల్హెన్సియో సెలెస్తినా చేతిలోని గిన్నె అందుకుని వినయంగా తాగాడు.

తర్వాతి సభ జరిపిన దేశం ఎందుకైనా మంచిదని గంటలు ముందుకు జరపకుండా ఆహ్వానాల్లో ఉన్నదున్నట్టు పది గంటలనే వేయించింది. ఈసారి కింద కూడా ఎవరూ జరపలేదు, దాంతో అందరూ సరిగ్గా మధ్యాహ్న భోజనానికి అందుకున్నారు.