పేరు చెక్కని గిన్నె

ఆదివారం పొద్దున్న ఉదయ్‌భాస్కర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగడం, కొత్త ఫోనులో క్రిప్టో వాలెట్ తెరవడం, అందులో ఉన్నది అమ్మేసి తాపీ మేస్త్రికి కబురు పెట్టడం. మేడ మీద వెయ్యబోయే గది అతని భార్య శ్రీదుర్గ కోసం. ఆవిడ హాల్లోనే పిల్లలకు సంగీతం చెబుతుంది. ఒక పక్క సరళీ స్వరాలు, ఇంకో పక్క కుక్కరు విజిల్. గది కట్టాక ఆవిణ్ణి గుమ్మం ముందు నిలబెట్టి చెప్పాలని, ఏళ్ల తరబడి ఆవిడకు తెలియకుండా కూడబెట్టాడు.

అతనిది భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. పాత ఫోను మొన్న ఎవరిదో చెరువులో జారిపడి రొయ్యల పాలైంది. అయినా అతను బెంగపడలేదు. వాలెట్ ఇచ్చిన పన్నెండు ఇంగ్లీషు మాటలు చేతిలో ఉంటే ఏ ఫోనులోనైనా సొమ్ము తిరిగొస్తుంది. అవి పోతే బ్రహ్మదేవుడు దిగివచ్చినా రాదు. ఇంకొకరి కంటపడితే సొమ్ము వాళ్లదే. కాగితం మీద రాస్తే చెదలు, ఫోటో తీస్తే దొంగలు. అందుకని బాగా ఆలోచించి ఒక స్టీలు గిన్నె కొని, అడుగున ఆ మాటలు చెక్కించాడు. నిప్పుకు కాలదు, వరదకు నానదు. వంటింట్లో గిన్నెను ఏ దొంగ అనుమానిస్తాడు?

"దుర్గా, అడుగున ఇంగ్లీషు అక్షరాలున్న గిన్నె ఏదీ?"

"అదాండీ? కిందటి వారం పనసపొట్టు కూర పెట్టి ఎదురింటి సూర్యావతి గారికి పంపాను. ఆవిడ ఖాళీ గిన్నె తిరిగి పంపదు కదా, ఏదో ఒకటి వండి పంపుతుంది లెండి."

ఉదయ్‌భాస్కర్ లుంగీతోనే వీధి దాటాడు.

"అది మీ గిన్నా? చెప్పరేంటండీ!" అంది సూర్యావతి. "మీ ఇంటి గిన్నెలన్నిటి మీదా పేరుంటుంది కదా. దాని మీదేమో చాంతాడంత ఇంగ్లీషు. మూలింటి లలితాంబ గారబ్బాయికి బళ్లో ఇచ్చిన బహుమతి అనుకుని, కొబ్బరి లౌజు పెట్టి వాళ్లింటికి పంపేశానండి."

ఆ వీధిలో గిన్నె ఇల్లు చేరేది పేరు చూసుకునే. ఉదయ్‌భాస్కర్ పన్నెండు మాటలూ చెక్కించి, అసలు చెక్కించాల్సిన తన పేరు మరిచిపోయాడు.

అటునుంచటే లలితాంబ ఇంటికి వెళ్తే, ఆవిడ తమది కాదనుకుని అందులో మాగాయ పెట్టి సామర్లకోట చెల్లెలికి ఇచ్చిందట. అక్కణ్ణుంచే ఫోను చేస్తే చెల్లెలు తాపీగా చెప్పింది. "పేరు లేని గిన్నె ఇంట్లో ఉంటే ఎత్తుకొచ్చామనుకుంటారండీ. పాత సామాన్ల కొట్లో వేసి రెండు గ్లాసులు తెచ్చుకున్నాను. కొట్టతను కరిగించేయడానికి పంపేశాడట."

ఉదయ్‌భాస్కర్ లలితాంబ గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఒక్క గిన్నెకి అంత బాధేంటండీ?" అందావిడ.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "మా నాయనమ్మ గుర్తండి," అనేశాడు.

అంతే, వీధి వీధంతా కరిగిపోయింది. సూర్యావతి పులిహోర తెచ్చింది, లలితాంబ పాయసం తెచ్చింది. "పెద్దావిణ్ణి తలుచుకుని ఒక్క ముద్ద తినండి" అంటూ పై వీధివాళ్లు కూడా వచ్చారు. పురోహితుడు వెంకటరమణ గారు గుమ్మంలో నిలబడి, తిథి ఏనాడని అడిగి వెళ్లారు. సాయంత్రానికి వంటింటి గట్టు నిండా గిన్నెలే, అన్నిటి మీదా పేర్లే.

శ్రీదుర్గ తలుపు వేసి నిలదీసింది. "మీ నాయనమ్మ రావులపాలెంలో నిక్షేపంలా ఉంది. అరటిగెల పంపుతానని పొద్దున్నే ఫోన్ చేసింది. ఏంటండీ ఇదంతా?"

అతను మొత్తం చెప్పేశాడు. "నీ గది పోయింది దుర్గా," అన్నాడు చివరికి.

ఆవిడ అతని పక్కన కూర్చుంది. "ఇన్నేళ్లూ నా గది గురించి ఆలోచిస్తూనే ఉన్నారా?" అంది. అతనికి అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. ఆవిడ కొంగుతో అతని కళ్లు తుడిచి, "ఇంతకీ ఆ మాటలు ఆనియన్, టైగర్, అంబ్రెల్లా... అవేనా?" అని అడిగింది.

"నీకెలా తెలుసు?"

"గిన్నె తోమింది నేనే కదండీ. తోమగా తోమగా నోటికొచ్చేశాయి. రూపక తాళంలో ఎంచక్కా ఇమిడిపోయాయి కూడాను."

తొడ మీద తాళం వేసుకుంటూ ఆవిడ పన్నెండూ పాడేసింది. అతను ఒక్కొక్కటే ఫోనులో కొట్టేసరికి వాలెట్ తెరుచుకుంది. ఎక్కడి సొమ్ము అక్కడే ఉంది. ఉదయ్‌భాస్కర్ ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఇంత భద్రమైన చోటు ఇంట్లోనే ఉండగా గిన్నె ఎందుకు కొన్నానా అనుకున్నాడు.

అప్పుడే వీధిలోంచి క్లాసుకొస్తున్న పిల్లల పాట వినిపించింది. "ఆనియన్, టైగర్, అంబ్రెల్లా..."

"తాళం నిలవట్లేదని ఈ వారం అదే నేర్పానండీ," అంది శ్రీదుర్గ. "మీరు ఆఫీసులో ఉంటారు కాబట్టి వినలేదు గానీ, పిల్లలు ఎంత బాగా పట్టుకున్నారో!"

అతను గుండె అరచేత పట్టుకుని అప్పటికప్పుడు ఇంకో వాలెట్ తెరిచి సొమ్మంతా అందులోకి మార్చాడు. తెర మీద కొత్త మాటలు పన్నెండు వచ్చాయి. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి భార్య వైపు చూశాడు.

"దాచకండి," అంది శ్రీదుర్గ. "ఈసారివి ఆది తాళానికి పడతాయేమో చూద్దాం."