అధ్యక్షులవారి రైఫిలు, ఆవిడ తాళంచెవి

కేంబ్రిడ్జ్ తెలుగు సమైక్య సమితి అధ్యక్షులు శ్రీ సీతారామారావు గారు తమ వంశ వీరత్వానికి చిహ్నమైన సైనిక రైఫిలును దసరా నాడు జాతికి చూపించబోతున్నట్టు వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. జాతి అంటే నూట పద్దెనిమిది కుటుంబాలు. నూట పద్దెనిమిదోది మాది. పెళ్ళయి పది వారాలు, కెనడా వచ్చి ఐదు వారాలు. టోస్టరులోంచి రొట్టె పైకి ఎగిరినప్పుడల్లా చప్పట్లు కొట్టే దశలో ఉన్న నాకు, ఒక మహానుభావుణ్ణి దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగితే ఎలా ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు. మా ఆయన అభిరామ్ సమితి ప్రచార కార్యదర్శి. ఫోటోలు తీయడానికి తను వెళ్తుంటే నేనూ బయల్దేరాను.

అధ్యక్షులవారి ఇంటి బేస్‌మెంటులో ఉక్కు బీరువా. బీరువాలో రైఫిలు. రైఫిలు ట్రిగ్గరుకు మళ్ళీ ఒక తాళం.

"మా తాతగారు పందొమ్మిది వందల పదిహేడులో దీన్నే భుజాన వేసుకుని యుద్ధం చేశారమ్మా," అన్నారు సీతారామారావు గారు, దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని.

అభిరామ్ ఫోటో జూమ్ చేశాడు. "అంకుల్, దీని మీద 1943 అని ఉంది."

"మా తాతగారు ముందుచూపున్న మనిషి," అన్నారాయన తడుముకోకుండా. నాయకత్వం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఆయన రైఫిలు పట్టుకున్నంతసేపూ ఆయన శ్రీమతి పద్మిని గారు పక్క నుంచి కదల్లేదు. కింద పెట్టగానే నూనె గుడ్డతో ఆయన వేలిముద్రలన్నీ తుడిచేశారు. "చేతి చెమటకి తుప్పు పడుతుందమ్మా," అన్నారు నాతో. ముప్ఫై ఏళ్ళ కాపురం తర్వాత కూడా భర్తను క్షణం విడవని ఆ ఇల్లాలిని చూసి, నేను అభిరామ్ చెయ్యి గట్టిగా నొక్కాను.

ఆవిడ అలా పక్కనే ఉండటం చట్టమని కాఫీ దగ్గర తెలిసింది. లైసెన్సు ఆవిడ పేరు మీద ఉంది. లైసెన్సు లేనివాళ్ళు దాన్ని ముట్టుకోవాలంటే లైసెన్సున్న మనిషి కళ్ళెదుటే ముట్టుకోవాలి.

"మీరు పరీక్ష రాయలేదా అంకుల్?"

"రాశాను. ఆ పరీక్షకే సంస్కారం లేదు."

"తుపాకీ చేతిలో ఉండగానే పరీక్ష పెట్టేవాడికి వంగి నమస్కారం పెట్టారు," అన్నారు పద్మిని గారు. "గొట్టం తిన్నగా అతని గుండెల మీదకి. పాపం, బల్ల కింద దూరాడు."

"మరి మీరెలా రాశారు ఆంటీ?"

"ఈయన్ని కారులో తీసుకెళ్ళాను కదా. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ రాశాను."

"పేరుదేముందిలే అమ్మా," అన్నారు అధ్యక్షులవారు. "మన ఊళ్ళలో చూళ్ళేదూ? సర్పంచి ఆవిడ, పెత్తనం ఆయన. ఇదీ అంతే. సమితిలో కూడా హాలు బుక్ చేయడం, చిట్టాలు, కాగితాలు నింపడం పద్మిని చూస్తుంది. నాయకత్వం నేను చూస్తాను."

ఆ నాయకత్వానికే ఇప్పుడు గండం. దసరా సాయంత్రమే సమితి ఎన్నిక. రెండుసార్లు గెలిచిన ఆయనకు పోటీగా భరద్వాజ్ గారు పార్కింగ్ సమస్య తీరుస్తానంటూ దిగారు. "ఓడిపోతే నాకు శాలువా కప్పేదెవరమ్మా?" అన్నారు సీతారామారావు గారు గద్గదంగా. కెనడా చలికాలం గురించి అప్పటికే విని ఉన్నాను కాబట్టి నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడే రైఫిలు సంరక్షణ ఉపసంఘం ఏర్పడింది. తొమ్మిది మంది సభ్యులు, అందులో ఆరుగురు ఉపాధ్యక్షులు. ఏ నూనె పూయాలన్న దానిపై మూడు గంటలు చర్చ జరిగింది. కోస్తావారు నువ్వుల నూనె అన్నారు. సీమవారు వేరుశనగ నూనె అన్నారు. తెలంగాణవారు ఆముదానికి జరిగిన అన్యాయాన్ని గుర్తు చేశారు. చివరికి గొట్టానికి నువ్వుల నూనె, బోల్టుకు వేరుశనగ నూనె, కట్టెకు ఆముదం అని ఏకగ్రీవంగా తీర్మానించి, చరిత్రలో ఇలాంటి సమైక్యత లేదని ఫోటో దిగారు.

పద్మిని గారు తీర్మానాన్ని అందమైన దస్తూరితో మినిట్స్‌లో రాశారు. మూడు నూనెలూ వంటింట్లో పెట్టేసి, బీరువాలోంచి తుపాకీ నూనె సీసా తీశారు.

"వంట నూనె జిగురు కడుతుందమ్మా. బోల్టు బిగుసుకుపోతుంది."

"మరి తీర్మానం?"

"అది మినిట్స్‌లో భద్రంగా ఉంది."

దసరా నాడు కమ్యూనిటీ హాలు నిండింది. వేదిక మీద రైఫిలు పెట్టె. తడి పసుపు ఇనుముకు పడదని పద్మిని గారు బొట్టు పెట్టెకే పెట్టారు. నామినేషన్ల గడువు ఆరింటికి. ఐదూ యాభైకి సీతారామారావు గారు మైకు అందుకున్నారు.

"ఈ ఆయుధం ఎత్తిన చెయ్యే మీ సమితిని కాపాడుతుంది!" అంటూ పెట్టె మీదకు వంగారు. హాలు మేనేజరు పరుగున వచ్చి, లైసెన్సున్న మనిషి ఎక్కడని అడిగాడు. ఆ మనిషి మూడో వరుసలో పులిహోర తింటున్నారు.

"పద్మినీ, ఒక్కసారి రా. తాళంచెవి పట్రా!" మైకులోనే పిలిచారాయన.

ఆవిడ చెయ్యి కడుక్కుని, తాళంచెవితో పాటు ఒక కాగితం కూడా తెచ్చారు. "నామినేషన్. టైమైపోతోంది, ముందు సంతకం పెట్టండి."

"ఎక్కడ?"

"రెండో గీత మీద."

ఇన్నేళ్ళుగా ఆవిడ నింపిన కాగితాల మీద ఆయన అడిగే ప్రశ్న అదొక్కటేనట. సంతకం పడింది. తాళం ఊడింది. ఆయన రైఫిలు ఎత్తారు, బోల్టు వెన్నలా జారింది. "మూడు నూనెల మహిమ!" అన్నారు. ఉపసంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆరింటికి ఎన్నికల అధికారి, రిటైర్డ్ డాక్టర్ వెంకటేశ్వర రావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "రెండు నామినేషన్లు వచ్చాయి. ఒకటి భరద్వాజ్ గారిది. రెండోది పద్మిని గారిది. ప్రతిపాదించినవారు సీతారామారావు గారు."

"మరి నాది?"

"రాలేదండీ. మీది ఎప్పుడూ పద్మిని గారే కదా ఇచ్చేది?"

పద్మిని గారు నూట రెండు ఓట్లతో గెలిచారు. సీతారామారావు గారు తేరుకుని, మహిళాశక్తికి పట్టం కట్టాలని తాను ఏడాది కిందటే నిర్ణయించుకున్నట్టు ప్రకటించారు. ముందుచూపు ఆ వంశంలోనే ఉంది.

ఆదివారం అభినందనలు చెప్పడానికి వెళ్ళాం. కొత్త శాలువా కుర్చీకి వేలాడుతోంది. పద్మిని గారు గది మూలన ఫోనులో, సంక్రాంతికి హాలు కోసం మేనేజరుతో మాట్లాడుతున్నారు. సీతారామారావు గారు రైఫిలు ఒళ్ళో పెట్టుకుని నూనె గుడ్డతో తుడుస్తున్నారు.

"చూశావా అమ్మా, పేరు ఆవిడది, పెత్తనం నాది," అని నాకు చెప్పి, మూల వైపు తిరిగారు. "పద్మినీ, ఇటువైపు అయింది. అటు తిప్పనా?"

ఆవిడ ఫోను చెవి నుంచి తీయకుండానే, ఆగమన్నట్టు ఒక వేలు ఎత్తారు.

ఆ ఫోను ఇరవై నిమిషాలు సాగింది. అంతసేపూ ఆయన గొట్టం గోడవైపు ఉంచి, కనురెప్ప తప్ప ఇంకేదీ కదపకుండా కూర్చున్నారు. అంతటి క్రమశిక్షణ గల సైనికుణ్ణి నేనింతవరకూ చూడలేదు.