డాక్టరుగారి జడుపు

ఆ శుక్రవారం పొద్దున డాక్టర్ ఎలిసియో కోరుకున్నది ఒక్కటే, నిద్ర. క్వెంకాలో పిల్లల డాక్టరుగా సొంత ప్రాక్టీసు పెట్టిన పాపానికి ఊళ్ళో తల్లులందరి దగ్గరా ఆయన ఫోన్ నంబరుంది. బిడ్డ తుమ్మితే మెసేజ్, తుమ్మకపోతే మెసేజ్. సరిగ్గా ఆయన ముద్ద ఎత్తే వేళకి ఎవరో ఒకరు డైపర్ ఫోటో పంపి, "ఈ రంగు మంచిదేనా డాక్టరుగారూ?" అని అడుగుతారు. తల్లి ప్రాణం మరి, ఆయన చెయ్యి కడుక్కునేదాకా ఆగుతుందా.

ఇక తనవల్ల కాదనుకున్నాడు. రాజధాని క్విటోలో ఒక బీమా కంపెనీ వాళ్ళు కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే ఉద్యోగం ఇస్తామన్నారు. మధ్యాహ్నం ఫోన్ చేస్తారు, ఈయన సరేననాలి. అంతవరకూ పడుకోవాలి.

"ఎవరడిగినా ఒంట్లో బాలేదని చెప్పు," అని క్లినిక్‌లో పనిచేసే నూబెకి చెప్పి ఇంటికి పోయాడు.

నూబెకి అబద్ధం అతకదు. మొదట వచ్చిన ట్రాన్సితో అనే తల్లి, చంకలో పిల్లాడితో, "ఏం జబ్బే?" అని నిలదీసేసరికి ఉన్నదే చెప్పేసింది. "నిద్ర పట్టదక్కా. తిండి సయించదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతారు."

ట్రాన్సితో మొహం పాలిపోయింది. "పిచ్చిదానా, అది జబ్బు కాదే. జడుపు."

జడుపుకి మందేమిటో క్వెంకాలో అందరికీ తెలుసు. మంగళ, శుక్రవారాల్లో సంతలో కూర్చునే జోయిలమ్మ ఆకులకట్టతో ఒళ్ళంతా కొట్టి, కోడిగుడ్డుతో తుడిచి, నోటినిండా సారా పట్టి మొహాన చిమ్ముతుంది. ఆవిడ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళారని తెలిస్తే డాక్టరు తల్లుల్ని ఏళ్ళతరబడి చెడామడా తిడుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం కాకముందే ఆయన ఇంటి తలుపు దబదబలాడింది. గుమ్మంలో జోయిలమ్మ, పక్కన ట్రాన్సితో, వెనక మెట్లనిండా పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు.

"నాకేం లేదమ్మా," అన్నాడు డాక్టరు.

"మరి బాలేదని చెప్పించారట," అంది ట్రాన్సితో.

లేదంటే అబద్ధాలకోరు. ఉందంటే జోయిలమ్మ. డాక్టరు చొక్కా విప్పాడు.

"నన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తున్నాయిలే అయ్యా," అంటూ జోయిలమ్మ ఆకులకట్ట కాస్త గట్టిగానే ఝాడించింది. అందులో దురదగొండాకు కూడా ఉంది. "లోపల ఇంకా మిగిలుంటే అవీ తీసేస్తా."

సారా మొహాన పడగానే ఫోన్ మోగింది. డాక్టరు ఎగిరిపడ్డాడు.

"చూశారుగా," అంది ట్రాన్సితో అందరితో, ఫోన్ లాక్కుంటూ.

"అది నా ఉద్యోగం, ఇలా ఇవ్వు తల్లీ." మండే కళ్ళతో డాక్టరు గాల్లో తడిమాడు.

"ఉద్యోగంవల్లే కదా ఈ జడుపు." ఆవిడ ఫోన్ చెవిన పెట్టుకుంది. "ఎవరండీ? ఇప్పుడు కుదరదు, ఆయన్ని గుడ్డుతో తుడుస్తున్నారు. నిద్రుండదు, తిండుండదు, ఫోన్ మోగితే ఉలికిపాటు..." తర్వాత చాలాసేపు ఊఁ కొట్టింది. "అయ్యో. అలాగా నాయనా. సంతలోనే. మంగళవారం పొద్దున్నే వచ్చెయ్యి, వరుస తక్కువుంటుంది."

"ఏమన్నాడు?" అన్నాడు డాక్టరు.

"ఆయనా పిల్లల డాక్టరేనట. ప్రాక్టీసు మానేసి ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ నిద్ర లేదట. రోజంతా ఒక్క పిల్లాడూ ఏడవడట, పిచ్చెక్కుతోందట. ఆ కుర్చీ మీకంటగట్టి పారిపోదామనుకున్నాడు పాపం."

డాక్టరు ఏదో అనబోయి, నుదుటిమీద గుడ్డుతోనే నిద్రలోకి జారిపోయాడు. లేచేసరికి సాయంత్రం. ఫోన్ నిండా ఆయన పేరుమీద ట్రాన్సితో పంపిన జవాబులే, అందరికీ ఒకటే: "ఏం కాదు, పడుకో." ఎవరూ మళ్ళీ అడగలేదు.

మంగళవారం సంతలో జోయిలమ్మ ముందు వరుసలో క్విటో డాక్టరూ, ఆయన వెనకే ఎలిసియో నిలబడ్డారు. ఊరికే నిలబడలేక ముందున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ నాలుక చాపమంటూ, పొట్ట నొక్కుతూ ఇద్దరూ చూసి పంపేశారు.

ఆ రోజు జోయిలమ్మకి మిగిలిన బేరాలు రెండే.