కొలత కలవని మచ్చ

మనిషి ఒంటి మీద మచ్చ ఆ మనిషిది కాదు, రికార్డుది. మనిషి దాన్ని మోసుకు తిరుగుతాడు, అంతే. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత దేహచిహ్నాల ధ్రువీకరణ కార్యాలయానిది. (రెండో అంతస్తు. లిఫ్టు ఉంది. దానికి అడ్డంగా కుర్చీ కూడా ఉంది.)

మా చెల్లెలికి కూతురు పుట్టినప్పుడు పాప ఎడమ కంటి పైరెప్ప మీద ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది. జనన నమోదు ఫారంలో ‘గుర్తింపు చిహ్నం’ గడి ఖాళీగా వదిలితే తీసుకోరు కాబట్టి ఆ చుక్కనే రాసిచ్చాం. రాసింది నేనే. మేనమామగా పాపకి నా చేతుల మీదుగా జరిగిన మొదటి మంచిపని అని కాస్త పొంగిపోయాను కూడా.

నెల తిరిగేసరికి ఆవగింజ శనగగింజయింది. పిల్లల డాక్టరమ్మ రెప్పని వేలితో మెల్లగా ఎత్తి చూసింది.

“రక్తనాళాలు గుంపుగా పెరగడం వల్ల వచ్చే మచ్చమ్మా ఇది. నువ్వు తిన్నదాని వల్లా రాలేదు, చూసినదాని వల్లా రాలేదు. మొదటి నెలల్లో గబగబా పెరుగుతుంది. తర్వాత ఆగి, ఏళ్ల మీద దానంతటదే తగ్గుతుంది. వీపు మీదయితే నేనూ చూస్తూ ఊరుకునేదాన్ని. కంటి మీద అలా కుదరదు. రెప్ప బరువుకి కన్ను మూసుకుపోతే, ఆ కంటితో చూడటం మెదడు నేర్చుకోదు.”

మందు ఉంది. పాలు పట్టాక నోట్లో వేసే చుక్కలు. పాప గుండె చూసి, బరువు చూసి డాక్టరమ్మ చీటీ రాసింది. మందులిచ్చే కిటికీ దగ్గర కంప్యూటర్ ఒప్పుకోలేదు. నమోదైన చిహ్నాన్ని చికిత్సతో మార్చాలంటే అనుమతి సంఖ్య ఉండాలట. (బయట కొనుక్కోవచ్చుగా అంటారు. బయటా అదే కంప్యూటర్.)

“ఫారంలో రాయకుండా ఉంటే ఇచ్చేసేవాళ్లం సార్. ఎవరు రాశారో గానీ,” అన్నాడు కిటికీలో మనిషి. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

అనుమతికి పద్ధతి చాలా సులువు. మచ్చ కొలత రాసి, ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. పద్నాలుగు రోజుల తర్వాత కొలతల గుమాస్తా స్వయంగా కొలుస్తాడు. రెండు కొలతలూ ఒకటే కావాలి. ఒకరి అనుమతి మీద ఇంకొకరు మచ్చ మార్పించుకోకుండా ఈ జాగ్రత్త. (ఇంతవరకు అలాంటి నేరం ఒక్కటీ జరగలేదు. అంత గట్టి జాగ్రత్త మరి.)

గుమాస్తా చెడ్డవాడేం కాదు. స్కేలుని జేబురుమాలుతో తుడిచి, పాప ఏడుపు ఆపేదాకా ఆగి, అప్పుడు కొలిచాడు.

“దరఖాస్తులో ఆరు మిల్లీమీటర్లు. ఇప్పుడు తొమ్మిది. కలవలేదమ్మా.”

“పెరిగిందండీ,” అంది చెల్లెలు.

“ఓ పదిహేను రోజులు పెరగకుండా చూసుకోండి. వెంటనే పాసైపోతుంది.”

“నెలల పిల్లండీ. పెరగడం తప్ప దానికి వేరే పనేముంది?”

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. “అదీ నిజమేలెండి,” అని ‘కలవలేదు’ ముద్ర వేశాడు.

రెండోసారి తొమ్మిది రాస్తే పదమూడు తేలింది. మూడోసారి నేను తెలివి ఉపయోగించి, పద్నాలుగు రోజులకి ఎంతవుతుందో లెక్కగట్టి పదిహేడు అని రాశాను. వాళ్లు ఇరవయ్యో రోజున పిలిచారు. పందొమ్మిది. పైగా, రాసిన రోజుకి లేని కొలతని ఉన్నట్టు చూపించినందుకు నాకు నోటీసు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, జవాబు రాసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ‘ఇది పెరిగే మచ్చ’ అని డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరాన్ని ఫైల్లో పెట్టుకున్నారు, మా కొలతలు నమ్మదగినవి కావని మేమే ఒప్పుకున్నట్టుగా.

నాలుగో నెలలో రెప్ప పూర్తిగా వాలిపోయింది. పాలిచ్చేటప్పుడు చెల్లెలు చిటికెన వేలితో ఆ రెప్ప ఎత్తి పట్టుకునేది. “ఈ కంటితో కూడా చూడవే అమ్మని,” అనేది. నాకు ఏడుపొచ్చేది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ స్కేలు మీద కోప్పడేవాణ్ణి.

తొమ్మిదో నెలలో మచ్చ పెరగడం మానేసింది. దరఖాస్తులో ఇరవై నాలుగు, స్కేలు మీద ఇరవై నాలుగు. గుమాస్తా లేచి నాతో చెయ్యి కలిపాడు. “చూశారా సార్, ఓపిక పడితే అన్నీ కలుస్తాయి.”

మందు ఇచ్చారు. డాక్టరమ్మ చెప్పినట్టే పనిచేసింది. మచ్చ కుంచించుకుపోయి, రెప్ప లేచి, కన్ను తెరుచుకుంది. చూడటం మాత్రం దానికి అలవాటు తప్పింది.

ఇప్పుడు పాపకి నాలుగేళ్లు. మచ్చ ఉన్నచోట వెతికితే తప్ప ఏమీ కనపడదు. ఎడమ కంటికి చూపు నేర్పడానికి, బాగున్న కుడి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తారు. బడిలో చేర్చాలంటే గుర్తింపు చిహ్నం సరిచూపించాలన్నారు. మళ్లీ రెండో అంతస్తు. అదే గుమాస్తా, అంకెలు సగం చెరిగిపోయిన అదే స్కేలు.

“మచ్చేదమ్మా?”

“పోయిందండీ.”

“మరి పట్టీ కుడి కంటికి ఉందేంటి? రికార్డులో ఎడమ కదా?”

చెల్లెలు అంతా చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. బల్ల అవతల నుంచి రెండు వేళ్లు చూపించి, “ఎన్ని పాపా?” అన్నాడు.

పాప ముందుకు వంగి చూసింది. “మూడు,” అంది.

గుమాస్తా తలూపి, పాత చిహ్నం కొట్టేసి, కొత్తది అందంగా రాశాడు: ‘ఎడమ కంటికి చూపు తక్కువ.’

“ఇది బాగుందమ్మా. పెరగదు, చెరగదు. మాటిమాటికీ కొలతలకి రానక్కర్లేదు.”

“పట్టీ వేస్తూ ఉంటే చూపు వస్తుందన్నారండీ డాక్టరమ్మ,” అంది చెల్లెలు.

గుమాస్తా కలం ఆపాడు. సొరుగు లాగి, మాకు బాగా తెలిసిన ఫారం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

“అయితే ముందు అనుమతి తీసుకోండమ్మా. అది వచ్చేదాకా పట్టీ వేయకండి.”